సీమ పట్టా

"నాలుగో రాయి గూడా పాతేసి వస్తిమి" అంటూ ఓబులమ్మ గడ్డపారను గోడకు ఆనించింది.

కూతురి పెట్టెకు తాడు బిగిస్తున్న గాబ్రియేలు చేయి ఆగిపోయింది. వేకువన లేచిపోయిన తల్లి, పొద్దు బారెడెక్కినాక ఇప్పుడు ఇల్లు చేరింది. మనవరాలు ఓడెక్కి దొరల దేశమైన సీమకు బయలుదేరే దినాన ఈ ముసలమ్మ ఎక్కడికి పోయిందోనని ఆయన పేట అంతా వెతికించాడు. ఆమె కాళ్లకు మోకాళ్ల దాకా ఎర్రమట్టి. చేతులకు సున్నం. ముఖం మాత్రం పెండ్లింటికి పోయివచ్చిన మనిషి ముఖంలాగా ఉంది.

"ఏం రాయిమ్మా?"

"హద్దురాయి. వంకగట్టు మీది బంజరుకు."

"ఎవురి బంజరు?"

"ఎవురిదేందప్పా? మనదే గదా ఇంగ."

గాబ్రియేలు తాడు వదిలేశాడు. "అది సర్కారు జాగామ్మా. మునసబు గొడ్లు మేస్తాండాయి ఆడ."

"మేసినన్ని దినాలు మేసినాయిలే. పాప పోయి పట్టా తెచ్చేలోపల ఆయప్ప మడకలు కట్టి దున్ని నాదంటే? అందుకే ముందుగానే హద్దులు పెడ్తిమి. దూరానికి కనపడల్లని సున్నం గూడా పూస్తిమి."

గుమ్మంలో నిలబడి ఈ మాటలన్నీ విన్న ఏసుమణి చేతిలోని రవికె కింద పడింది. తండ్రీ కూతురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

గాబ్రియేలు గారిది చెడ్డ మనసు కాదు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే, పెద్ద మాట. పేటలోని మట్టిమిద్దె గుడికి ఆయన ఉపదేశి. వారం పొడుగునా పిల్లకాయలకు ఓనమాలు దిద్దించి ఆదివారం ప్రసంగం చేస్తాడు. నీళ్లు అనవలసిన చోట జలము అంటాడు. పోయినాడు అంటే సరిపోయేదానికి ప్రయాణమై పోయెను అంటాడు. జనం నోరు తెరుచుకొని వింటారు. అర్థమైతే అంత నోరు తెరవరేమో. ఆమధ్య ఒక ఆదివారం ఆయన కళ్లజోడు సవరించుకొని, "మన ఏసుమణికి సీమయందలి ఎడింబరో మహానగరములో పట్టా దయచేయుదురు" అని గుడిలో ప్రకటించాడు. పరీక్ష గెలిచినవాళ్లకు అక్కడి విద్యాపీఠం ఇచ్చే డిగ్రీ అని ఆయన భావం. మంచి తెలుగు మాట కదా అని వాడాడు, పాపం.

పేటలో పట్టా అంటే ఒకటే, భూమి కాగితం. తాసీల్దారు మొహరు వేసి ఇది నీది అని చేతిలో పెట్టే కాగితం. అది ఆ పేటలో ఏ ఇంటి చూరులోనూ లేదు. ఒకరి చేలో కలుపు తీసి, ఇంకొకరి చేలో కోత కోసి తరాలు గడిపినవాళ్లు వాళ్లు. ఆ ఒక్క బంజరు కోసం ఆలూరు తాసీల్దారు కచేరీకి తిరిగి తిరిగి కాళ్లరిగినవాళ్లు.

ఆ ఆదివారం ఆడవాళ్లు ఎందుకు కళ్లనీళ్లు పెట్టుకున్నారో గాబ్రియేలుకు ఇప్పుడు తెలిసింది. నా కొడుక్కు చేసుకోవలసిన పిల్లను సముద్రాల మీదికి పంపేది లేదని అంతకు ముందు వారం దాకా అడ్డం తిరిగిన తన భార్య అన్న లేవి, ఆ దినం లేచి నిలబడి "పోనీయండి పాపను" అని ఎందుకన్నాడో కూడా తెలిసింది.

"ఏందప్పా, దయ్యాన్ని చూసినట్ల చూస్తాండావు?" అంది ఓబులమ్మ. "జల్దీ కానీయి. ప్రార్థన గుళ్లో వద్దు, రాళ్లకాడ పెడ్దాం. అందరికీ చెప్పి వస్తిని."

ఆమె చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది.

*

"నోరు మెదపొద్దండి ఇద్దరూ" అంది గాబ్రియేలు భార్య విశ్వాసమ్మ, తలుపు దగ్గరగా వేసి. "పాప రైలెక్కేదాకా ఆ మాట ఎత్తితే నా మీదొట్టు."

"ఒట్టు పెట్టగూడదు. వాక్యంలో ఉండాది" అన్నాడు గాబ్రియేలు.

"వాక్యం నాకు చెప్పొద్దు. డిగ్రీ అంటే ఏం పోయె నీ నోటికి? పెద్ద పరీచ్చ అంటే ఏం పోయె?"

"మంచి తెలుగు మాట అని..."

"నీ మంచి తెలుగు నా కొంప ముంచె!"

గాబ్రియేలు కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడవడం మొదలుపెట్టాడు. అద్దాల మీద దుమ్మేమీ లేదు.

ఏసుమణి పెట్టె మీద కూర్చుంది.

ఈ పిల్ల సీమకు పోవాలని కలలు కన్న పిల్ల కాదు. మదరాసులో ఇంటరు ప్యాసై వచ్చి, మిషను ఆసుపత్రిలో డాక్టరు దొరసాని చేతికింద గాయాలకు కట్లు కడుతూ ఉండేది. ఒకనాడు దొరసాని కుంట నీళ్లు ఒక్క చుక్క గాజుపలక మీద వేసి, గొట్టంలాంటి బూతద్దం కింద పెట్టి, చూడమంది. ఏసుమణి కన్ను ఆనించి చూసింది. ఆ చుక్కలో ఏవో కదులుతున్నాయి. తోకలున్నవి, తోకలు లేనివి, ఒకదానినొకటి తరుముకుంటున్నవి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తాను తాగుతున్న నీళ్లు అవి. ఆమె కన్ను తీయలేదు. మెడ పట్టుకుపోయే దాకా చూస్తూనే ఉంది. చివరికి తలెత్తి, "ఇవన్నీ తెలిసినవాళ్లు ఎక్కడుంటారమ్మా?" అని అడిగింది.

దొరసాని ఆ ప్రశ్నకు చాలాకాలంగా ఎదురుచూస్తున్నట్టు లేచి వచ్చి భుజం మీద చేయి వేసింది. "నేను చదివిన చోట ఉన్నారు. నీవును అక్కడ చదువవలెను. నర్సుగా కాదు, డాక్టరుగా తిరిగి రావలెను. నేను వృద్ధురాలనైతిని. ఈ ఆసుపత్రి తాళములు ఈ దేశపు బిడ్డ చేతికే ఇచ్చి పోయెదను" అంది. ఖర్చులు మిషను భరించేట్టు ఒప్పించింది. ఒకటే షరతు పెట్టింది. పేటలోని గుడి సంఘం మనఃపూర్వకంగా పంపకపోతే మాత్రం ఈ బిడ్డను ఓడ ఎక్కించనంది.

ఆ సంఘం మనఃపూర్వకంగానే పంపుతోంది. పొరబడిన మనస్సుతో పంపుతోంది, అంతే.

"అమ్మా" అంది ఏసుమణి. "అవ్వ ఈ వయసులో గడ్డపార పట్టి గుంతలు తవ్వింది. నేనేమో నోరు మూసుకొని రైలెక్కల్లనా?"

"ఎక్కల్ల."

"ఆనక తెలిస్తే?"

"తెలిసేలోపల నువ్వు డాక్టరువై వచ్చింటావు. అప్పుడు ఎవురేమన్నా పడ్దాం." విశ్వాసమ్మ తలుపు వైపు ఒకసారి చూసింది. "ఇప్పుడు తెలిస్తే మా లేవన్న ఊరుకుంటాడా? సంఘపెద్ద గదా. పిల్లను పంపేదానికి నాకు సమ్మతం లేదని ఒక్క మాటంటే నిన్ను తీస్కపోయేదానికి వచ్చే దొరసాని మోటారు ఎట్ల వస్తాదో అట్లనే పోతాది. నువ్వు మా అన్న కోడలివై ఈడనే కలుపు తీస్తాంటావు. నేను తీయలా? చాలు. మన ఇంట్లో కలుపు తీసినవాళ్లు చాలు."

ఏసుమణి తల్లి చేతులు చూసింది. ఆ చేతులు కనపడకుండా విశ్వాసమ్మ కొంగులో దాచుకుంది.

తలుపు దబాలున తెరుచుకుంది. లేవి లోపలికి వచ్చాడు. నల్లగా, ఎత్తుగా, ఎప్పుడూ ఎవరితోనో పోట్లాడి వస్తున్నట్టుండే మనిషి. భుజం మీద కొత్త కంబళి ఉంది. పేటలోని ఆడవాళ్లు వంటకు ముందు పిడికెడు గింజలు తీసి కుండలో వేస్తారు. అది దేవుని పిడికిలి. ఈ ఏడు ఆ కుండలోని జొన్నలన్నీ కురుబవాళ్లకు కొలిచి ఏసుమణికని ఈ కంబళి నేయించారు.

"చలి శానా ఉంటాదంట గదా ఆడ" అన్నాడు లేవి మెరిసే కళ్లతో. "కప్పుకో పాపా. ఇంగొక మాట. తలారి చిన్న ఈరన్న ఎదురొచ్చినాడు. రాళ్లు ఎవురు పాతిందని మునసబు మండిపడ్తాండాడంట. మనుషుల్ని తీస్కోని వస్తాడంట, పెరికేసేదానికి. నేనేమంటినో తెలుసునా?"

"ఏమంటివి మామా?" అంది ఏసుమణి.

"రమ్మను, చూస్తాం అంటి. మాకు వచ్చేది ఆలూరు తాసీల్దారు పట్టా గాదు, సీమ పట్టా, జార్జి రాజు చేవ్రాలుండాది అంటి. ఈరన్న నోట్లో ఈగ దూరినా తెలియలేదు వానికి!"

లేవి పగలబడి నవ్వాడు. ఆ నవ్వులో ఎవరూ కలవలేదు.

"ఏందట్ల కూర్చోనుండారు అందరూ? పాప పోతాందని దిగులా? దిగులెందుకు మే విశ్వాసమ్మా. మన తాతలు కలలో గూడా చూడనిది మన పాప తెస్తాది."

ఏసుమణి లేచింది. విశ్వాసమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. బయట మోటారు బూరా మోగింది.

*

మోటారు చుట్టూ పేటలోని పిల్లలంతా మూగారు. దొరసాని దిగింది. పొడుగాటి మనిషి, తెల్లని జుట్టు. ఆమె తెలుగు పరిశుద్ధ గ్రంథం చదివి నేర్చుకున్న తెలుగు. ఉప్పు అడిగినా ప్రవక్త అడిగినట్టే ఉంటుంది.

"త్వరపడుడి. గుంతకల్లులో బొంబాయి మెయిలు మనకొరకు కనిపెట్టుకొని యుండదు."

"ప్రార్థన బంజరుకాడమ్మా" అంది ఓబులమ్మ, ఉతికిన చీరె కట్టుకొని బయటికి వస్తూ. బాప్తిస్మంలో ఆమెకు ఎలీసబెత్తు అని పేరు పెట్టారు. పెట్టిన పాదిరి తప్ప ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. ఆయన కూడా రెండోసారి ఓబులమ్మ అనే పిలిచాడట.

అందరూ వంకదారి పట్టారు. మోటారు మెల్లగా వెనక వస్తోంది. ఏసుమణి దొరసాని పక్కన నడుస్తూ గొంతు తగ్గించి సంగతంతా చెప్పింది. దొరసాని నడక ఆగింది.

"ఇంతకాలము ఈ భాష మాటలాడుచున్నాను. ఆ మాటకు రెండర్థములున్నవని నేనెరుగను."

"ఇప్పుడు నేనేం చేయాలమ్మా?"

దొరసాని ముందు నడుస్తున్న ముసలమ్మ వీపు వైపు చూసింది.

"చెప్పినయెడల నీవు వెళ్లలేకపోవచ్చును. చెప్పనియెడల తిరిగి రాలేవు. నేను నీకు బోధింపను, ఏసుమణీ. ఇది నీ పరీక్ష. దీనికి నేను మార్కులు వేయదగినదానను కాను."

ముందు ఓబులమ్మ పక్కన జ్ఞానమణి అనే విధవరాలు నడుస్తోంది. "అవ్వా, ఓడ ఎన్నాళ్లు పోతాదంట నీళ్లమీద?" అని అడిగింది.

"పోతానే ఉంటాదంట మే. పొద్దు పొడిచినా నీళ్లే, మునిగినా నీళ్లే. గట్టు కనపడదంట."

"అన్ని నీళ్లే!"

"అదే నేనూ అడిగితి మా గాబ్రేల్ని. అన్ని నీళ్లు ఆడ పోసి, ఈడ మాకు గుక్కెడు పోసేదానికి చెయ్యి రాకపోయెనా దేవునికి అని. ఏదో వాక్యం చెప్పినాడులే. నాకు తెలియలే."

నీళ్లు కావాలంటే ఎండిన వంకలో చెలిమ తవ్వి, గంటసేపు కూర్చొని, ఊరిన నీళ్లు గుల్లతో కుండలోకి తోడుకునే జనం వాళ్లు. గట్టు కనపడనన్ని నీళ్లను వాళ్ల మనస్సులు ఎక్కడ పెట్టుకోగలవు?

బంజరు వచ్చింది. ఎర్రని గట్టినేల, అక్కడక్కడా తంగేడు పొదలు. నాలుగు మూలలా నాలుగు రాళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. ఒక్కొక్క రాతి మీదా బొగ్గుతో శిలువ గుర్తు పెట్టారు. మొన్నటి దాకా ఏసుమణి ఈ దారినే ఎన్నోసార్లు పోయింది. ఏనాడూ ఇది ఒక చోటుగా కనపడలేదు. నాలుగు రాళ్లు పాతేసరికి ఆకాశం కూడా ఆ నాలుగు మూలల మధ్యకు దిగినట్టయింది.

"రా పాపా, చూపిస్తా." ఓబులమ్మ మనవరాలి చేయి పట్టుకొని లోపలికి నడిపించింది. "ఈ తట్టు కొర్ర. ఈ తట్టు సజ్జ. బావి ఆ తంగేటి పొదకాడ పడ్తాది. ఆ మూల మాత్రం దున్నేది లేదు. సమాధుల దొడ్డికి."

"సమాధులకా అవ్వా?"

"మీ తాత యాడ పండుకోనుండాడు? మునసబు చేను గట్టుకింద. దున్నినప్పుడంతా మడక ఇంకొంచెం లోపలికొస్తాది. మొన్న పోయి చూస్తే తల తట్టు రాయి లేదు. నేను మీ తాతకు చెప్పినా, మన జాగాలోకి తెస్తానని."

ఏసుమణి అవ్వ చేతిలోని తన చేతిని విడిపించుకోలేదు. అట్లాగే పట్టుకొని, అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"అవ్వా, నేను తెచ్చే పట్టాలో భూమి లేదు."

ఓబులమ్మకు వినపడనట్టుంది. "ఆఁ?"

"అది చదువు పట్టా అవ్వా. డాక్టరు చదువు ముగిస్తే, ఈ పిల్లకు వైద్యం వచ్చు అని రాసిస్తారు. భూమి పట్టా గాదు. ఆడికి పోయినా, ఎన్నేండ్లు చదివినా, ఈ బంజరు మనకు రాదు."

ఎక్కడో మేకమెడ గంట చప్పుడైంది.

"తప్పు పాపది గాదు" అన్నాడు గాబ్రియేలు ముందుకు వచ్చి. "ఆ మాట నాది. మీకు తెలిసే మాట చెప్పకుండా, నేను మురిసేదానికి చెప్పిన మాట."

ఆయన జన్మలో అంత చిన్న ప్రసంగం అంతకు ముందు చేయలేదు.

లేవి కంబళి భుజం మీద నుంచి తీసి చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. "అంటే ఏంది బావా? నీ మాట నమ్మి, నా ఇంటికి రావాల్సిన పిల్లను వదులుకుంటి. ఆడోళ్లు తినే కాడికి తగ్గించుకోని పిడికిళ్లు పోసిరి. నేను మునసబు మనిషికి ఎదురు నిలబడితి. దేనికి? ఒక పిల్ల పేరు ముందర డాక్టరని రాసుకునేదానికా?"

లేవి దొరసాని వైపు తిరిగాడు.

"సంఘపెద్దగా చెప్తాండా. పిల్లను పంపేదానికి నాకు సమ్మతం లేదు."

దొరసాని తల వంచింది. విశ్వాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నేల మీద కూలబడింది. అయిపోయింది. ఏసుమణి కళ్ల ముందు కుంటనీటి చుక్క ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. చెప్పినందుకు ఆమెకు పశ్చాత్తాపం లేదు. ఏడుపు మాత్రం ఆగలేదు.

ఓబులమ్మ పోయి తూర్పు రాయి మీద కూర్చుంది.

"దాంట్లో ఏం రాసుంటాది?" అని అడిగింది.

"నా పేరుంటాది. నేను ఏం చదివింది ఉంటాది."

"హద్దులు?"

"హద్దులుండవవ్వా."

"తూర్పుకు ఎవురిది, పడమటికి ఎవురిది అని రాయరా?"

"రాయరు."

"హద్దుల్లేకుండా పట్టా యాడుంటాది పాపా? యాడిదాకా నీదో తెలియల్ల గదా?"

ఏసుమణి కళ్లు తుడుచుకుంది. "యాడికి పోతే ఆడ చెల్లుతాదవ్వా. ఆలూర్లో చెల్లుతాది. కర్నూల్లో, మదరాసులో చెల్లుతాది. ఈడ మన పేటలో గూడా చెల్లుతాది."

ఓబులమ్మ నోరు కొంచెం తెరుచుకుంది. జ్ఞానమణి జనం లోనుంచి ముందుకు జరిగింది.

"శిస్తెంత?"

"శిస్తు లేదక్కా."

"లేదా? పంట పండినా పండకపోయినా?"

"దానికి శిస్తే లేదు."

జనంలో గుసగుస బయలుదేరింది. శిస్తు లేని పట్టా! ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటున్నారు. లేవి ముఖం అటు తిప్పుకొని నిలబడ్డాడు. అయినా చెవి ఇటే ఉంది. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"అప్పుల్లో పడితే జప్తు చేస్తారా?"

"చేయలేరు మామా."

"తాసీల్దారు?"

"తాసీల్దారు గూడా."

"కలెక్టరు దొర?"

"ఎవురూ చేయలేరు."

లేవి, కోర్టులో వకీలు ఆఖరి ప్రశ్న వేసినట్టు వేలు చూపించి, "నీ తర్వాత? నీ పిల్లలకొస్తాదా?" అన్నాడు.

ఏసుమణి తల అడ్డంగా ఊపింది. "రాదు మామా. అది నాతోనే పోతాది."

ఆ మాట అందరికీ తగిలింది. శిస్తు లేకపోవచ్చు, జప్తు లేకపోవచ్చు. ఒక ప్రాణంతో ముగిసిపోయే ఆస్తి గురించి వాళ్లు ఎన్నడూ వినలేదు. లేవి గెలిచినట్టు చుట్టూ చూశాడు, అయినా గెలిచిన ముఖం లేదు అతనికి.

ఓబులమ్మ రాయి మీద నుంచి లేచి మనవరాలి దగ్గరికి వచ్చింది. రెండు చేతులతో ఆమె ముఖం పట్టుకొని, ఇంతకు ముందు ఎప్పుడూ చూడని వస్తువును చూసినట్టు చూసింది. చేతులకు ఇంకా సున్నం వాసన ఉంది.

"అంటే, నువ్వే ఆ పట్టా" అంది నెమ్మదిగా. "కాగితం గాదు. నువ్వు. అట్లయితే బతికి రావల్ల పాపా నువ్వు. ఆ నీళ్లమీద, ఆ చలిలో, నిన్ను నువ్వు జాగ్రత్త చేసుకోని రావల్ల."

తరువాత లేవి వైపు తిరిగింది. "పెద్దాయనా, సమ్మతం లేదంటివి. మళ్లా ఒక్కతూరి చెప్పు."

లేవి గొంతు సవరించుకున్నాడు. కంబళిని ఒకసారి విప్పి చూసి, మళ్లీ మడత పెట్టి, మోటారు దగ్గరికి నడిచి వెనక సీటు మీద పెట్టాడు.

"ఇది సమ్మతియేనా?" అని దొరసాని ఆతురతగా అడిగింది.

"చలి శానా ఉంటాదంట గదా ఆడ" అన్నాడు లేవి, ఎవరి ముఖమూ చూడకుండా.

విశ్వాసమ్మ గట్టిగా ఏడ్చింది. గాబ్రియేలు చేతులు పైకెత్తాడు. ప్రార్థనకు పెద్ద మాటలు ఒక్కటీ దొరకలేదు. "దేవా, పాపను కాపాడు" అన్నాడు. ఆమెన్ అని పేట అంతా పలికింది.

*

ఆమెన్ ఇంకా పూర్తి కాకముందే వంక ఆవలి నుంచి తలారి రొప్పుకుంటూ వచ్చాడు. పేరుకు చిన్న ఈరన్న గాని తల ముగ్గుబుట్టయిన మనిషి. జనానికి కొంచెం దూరంలోనే ఆగిపోయాడు.

"మునసబు వస్తాండాడప్పా! మనుషులూ, మడకలూ. రాళ్లు పెరికేయండి. మీ మేలుకోరి చెప్తాండా."

వంక మలుపులో దుమ్ము లేస్తోంది.

గాబ్రియేలు గబగబా పడమటి రాయి వైపు నడిచాడు. పట్టా లేదని తేలిపోయింది, ఇంక రాళ్లెందుకు? ఇంకో ఇద్దరు మగవాళ్లు గడ్డపార కోసం చూశారు.

"ముట్టొద్దు" అంది ఓబులమ్మ.

ఆమె మళ్లీ తూర్పు రాయి మీద కూర్చుంది. ఈసారి అలిసి కూర్చున్న మనిషి కూర్చున్నట్టు లేదు. కాళ్లు దగ్గరికి ముడుచుకొని, కొంగు నడుముకు బిగించి, పనికి కూర్చున్నట్టు కూర్చుంది.

"అమ్మా, మన చేతిలో ఏ కాగితమూ లేదు" అన్నాడు గాబ్రియేలు.

"నిన్నా లేదు. నేను లేదని తెలియక పాతితి. ఇప్పుడు తెలిసి కూర్చుంటి. మీ నాయనకు మాటిచ్చినా నేను. కాగితం చూసి ఇయ్యలా మాట."

లేవి ఒక్క క్షణం ముసలమ్మను చూశాడు. తలపాగా గట్టిగా చుట్టుకొని ఆమె పక్కన నిలబడ్డాడు. జ్ఞానమణి ఉత్తరపు రాయి దగ్గరికి పోయింది. ఆమె వెనక ఇంకొకరు, ఇంకొకరు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చూస్తుండగానే నాలుగు రాళ్ల దగ్గరా మనుషులున్నారు. దొరసాని టోపీ తీసి చేతిలో పట్టుకుంది. గుడిలోకి పోయినప్పుడు కూడా ఆమె టోపీ తీయదు.

మోటారు వైపు నడుస్తున్న ఏసుమణి పరుగెత్తుకొచ్చి అవ్వ కాళ్ల దగ్గర కూర్చుంది. "నేను పోనవ్వా. ఇదంతా నావల్లనే. నిన్ను ఇట్ల విడిచిపెట్టి ఓడ ఎక్కి..."

"లెయ్."

"అవ్వా!"

"లెయ్యి పాపా. రైలు పోతాది." ఓబులమ్మ గొంతులో కోపం లేదు, తడి కూడా లేదు. "నీ పట్టాకు హద్దుల్లేవంటివి గదా. పో, యాడిదాకా ఉంటాదో అంతదూరం పో. నా దానికి నాలుగుండాయి. నేను ఈడుంటా."

దొరసాని మోటారు తలుపు తెరిచి పట్టుకుంది. దుమ్ములో ఇప్పుడు ఎద్దుల కొమ్ములు కనపడుతున్నాయి. ముందు నడుస్తున్న మునసబు గొడుగు కూడా కనపడుతోంది.

ఏసుమణి లేచింది. వెనక్కి తిరగకుండా మోటారు దాకా నడిచింది. ఒక పాదం మెట్టు మీద పెట్టింది. అప్పుడు వెనక నుంచి, "ఎవరే ముసలిదానా, లెయ్ ఆ రాయి మీద నుంచి!" అన్న మగగొంతు వినిపించింది.

ఆమె రెండో పాదం ఇంకా ఆ ఎర్రనేల మీదే ఉంది.